ఈగల పద్దు

జులై 9

పొద్దున్నే వర్జిన్లు ఏరడం. 25 డిగ్రీల్లో పుట్టిన ఆడ ఈగని ఎనిమిది గంటల్లోపే వేరు చేయాలి. ఆలస్యమైతే జతకట్టేసి ఉంటుంది. అందుకే రాత్రి పదకొండుకోసారి, ఏడింటికోసారి. బస్సులో తమ్ముడికి ఫోన్లో ఇదే చెప్తున్నా: "రాత్రి వర్జిన్లు నలుగురే దొరికారు." ముందు సీటాయన వెనక్కి తిరిగాడు. బెంగళూరులో తెలుగు రానివాళ్ళు ఏ బస్సెక్కుతారో.

జులై 12

నాన్న ఫోన్. చెప్పుల షాపులో బేరాల్లేవట. "నేనిక్కడ ఈగలు తోలుకుంటున్నా, నువ్వక్కడ పెంచుకుంటున్నావు. ఒకటే లైను మనది" అన్నాడు.

జులై 15

ట్యూబు గోడెక్కుతున్న ఈగ పురుగుని పట్టుకోవాలి. ఒక ఫోర్సెప్స్‌తో నోటి కొక్కేలు, ఇంకోదానితో నడుము. లాగితే మెదడొస్తుంది. దాని వెనక గుండె గొట్టం. గొట్టానికి అటూ ఇటూ చెవి తమ్మెల్లాంటివి రెండు. లింఫ్ గ్లాండ్, పురుగు రక్తకణాలు తయారయ్యే చోటు. 14 తెరిచా. 5 దక్కాయి. ఒకటి బాగా వచ్చింది, స్లైడు మీద పెట్టబోతుంటే తుమ్మాను.

జులై 16

తమ్మెలో మూడు వాటాలు. బయట, ఏదో ఒకటి అయిపోయిన కణాలు. లోపల, ఇంకా ఏమీ కానివి. కొసన 30, 40 కణాల గుంపు. లోపలివాటిని ఏమీ కానివ్వకుండా పట్టి ఉంచడం దీని పని.

ఫెలోషిప్ పొడిగింపు ఫారం ఇచ్చొచ్చా. ఆరో ఏడు.

జులై 17

గుంపు గురించి నిన్న రాసింది పూర్తిగా నిజం కాదు. 2007లో రెండు పేపర్లు, 'నేచర్' ఒకే సంచికలో: గుంపు పని చేయకపోతే లోపలివి నిలవవు. 2015లో ఇంకో పేపరు: గుంపు లేకపోయినా నిలుస్తాయి. గైడ్‌ని అడిగా. రెండూ కరెక్టే అన్నారు. క్యాంటీన్ సాంబారు గురించి అడిగినా ఆయన అదే అంటారు.

జులై 22

క్రిస్టల్ కణాల లెక్క. పురుగుల్ని నీళ్ళ ట్యూబులో వేసి 60 డిగ్రీల్లో పది నిమిషాలు. ఆ కణాలు మాత్రం నల్లబడి చర్మంలోంచి కనిపిస్తాయి. ఆవాలు అద్దినట్టు. రక్తకణాల్లో నూటికి ఐదో ఎంతో ఉంటాయి. మిగతావి దాదాపు అన్నీ ప్లాస్మాటోసైట్లు, దొరికింది మింగే రకం.

అమ్మ వంకాయ కోసి ఉప్పునీళ్ళలో వేసేది, నల్లబడకుండా. ఎంజైము వేరు, వ్యవహారం అదే. నాకిక్కడ నల్లబడాలి.

జులై 23

క్రిస్టల్ కణాలు రావడానికి లాజెంజ్ అనే జన్యువుండాలి. ఇంకోటి సర్పెంట్. అది లేకపోతే అసలు రక్తకణాలే లేవు. ఇంకోటి హాప్‌స్కాచ్, అంటే తొక్కుడుబిళ్ళ. అందులో ఒక్క తేడా వస్తే రక్తకణాలు విపరీతంగా పెరిగి, పురుగు ఒంట్లో నల్లగడ్డలు. తొక్కుడుబిళ్ళ చెడింది అని నోట్‌బుక్‌లో రాసుకున్నా. గైడ్ తెలుగు చదవలేరు.

ఆగస్టు 1

కందిరీగలొచ్చాయి. కందిరీగ అంటే అమ్మ చీపురు వెతుక్కుంటుంది. ఇవి చీమల్లా ఉంటాయి, మహా అయితే 2 మిల్లీమీటర్లు. ఈగ పురుగుని పొడిచి ఒంట్లో గుడ్డు పెడతాయి. ఆ గుడ్డు బతికితే ప్యూపాలోంచి ఈగ రాదు, కందిరీగ వస్తుంది.

వాటికి తిండి తేనె. కొని బిల్లు పెట్టా. ఎవరు తాగారని అకౌంట్స్ వాళ్ళ ప్రశ్న. కందిరీగలు అని రాశా. ఫైలు ఇంకా తిరిగి రాలేదు.

ఆగస్టు 4

పొడిచిన రెండో రోజు. మామూలు పురుగులో దాదాపు కనపడని కణాలు ఇప్పుడు ఎక్కడ చూసినా. లామెల్లోసైట్లు. పెద్దగా, చదునుగా, విస్తరాకుల్లా. గుడ్డు చుట్టూ పొరలు పొరలుగా పొట్లం కడతాయి. పొట్లం నల్లబడుతుంది.

తమ్మెలు చూద్దామని తెరిచా. లేవు. విడిపోయాయి. ఇన్నాళ్ళూ ఏమీ కాకుండా ఉన్నవన్నీ ఒక్కసారే ఏదో ఒకటి అయి వెళ్ళిపోయాయి.

ఆగస్టు 13

పొడిపించుకుని బతికిన ఈగ ఒకటి. పొట్టలో నల్లచుక్క, బయటికి కనిపిస్తోంది. ట్యూబులో అటూ ఇటూ తిరిగింది, కాళ్ళు రుద్దుకుంది. పక్క బెంచీ అమ్మాయి ఫోటో తీసి దాని పుట్టుమచ్చ బాగుందంది.

ఆగస్టు 19

తమ్ముడు. "అక్కా, నాన్నకి డెంగీ. ప్లేట్‌లెట్లు 62 వేలు."

ఆగస్టు 20

38 వేలు.

"నువ్వు రక్తం మీదేగా చదివేది?"
"పురుగుల రక్తం."
"వాటికి ప్లేట్‌లెట్లు ఎన్నుంటాయి?"
"ఉండవు."
"మరెలా బతుకుతాయి?"
"పది రోజుల్లో ఈగ అయిపోతాయి."
ఫోన్ పెట్టేశాడు.

ఆగస్టు 21

రైల్లో. లాజెంజ్‌కి మనుషుల్లో వరసయ్యే జన్యువు రంక్స్-1. అది చెడిన కుటుంబాల్లో ప్లేట్‌లెట్లు తక్కువ. నాన్నది అది కాదు, దోమ. అయినా బెర్తు మీద పడుకుని ఇదే.

ఆగస్టు 22

తెనాలి. పెదనాన్న సైకిల్ మీద బొప్పాయి ఆకుల కట్ట తెచ్చాడు. డాక్టరు వద్దనలేదు, తాగమనలేదు. నాన్న తాగి, "ఇదేదో మీ పురుగులకి పట్టు" అన్నాడు.

రిపోర్టు కాగితం చూశా. మిషన్ లెక్క. నేనైతే గాజుపలక గళ్ళలో ఒక్కొక్కటీ వేలితో నొక్కి లెక్కపెడతా. టిక్, టిక్. అడిగితే ఇది కూడా లెక్కపెట్టేదాన్ని. ఎవరూ అడగలేదు.

ఆగస్టు 24

71 వేలు. జ్వరం లేదు. షాపు తాళాలు అడిగాడు.

ఆగస్టు 27

బెంగళూరు. ట్యూబుల్లో బూజు. నేను లేనప్పుడు ఈగల తిండి ఎవరో ప్రొపియోనిక్ యాసిడ్ వేయకుండా వండారు. మొక్కజొన్న రవ్వ, చక్కెర, ఈస్ట్, అగార్. కొలతలు గోడకి అంటించే ఉన్నాయి. పక్కన 'దయచేసి చదవండి' అనే కాగితం కూడా.

సెప్టెంబర్ 2

2013 పేపరొకటి చదివా. కందిరీగల్ని చూసిన తల్లి ఈగ ఆల్కహాలున్న తిండి వెతుక్కుని గుడ్లు పెడుతుందట. సారా పిల్లలకి మంచిది, కందిరీగకి చెడ్డది. తమ్ముడికి చెప్పలేదు. వాడికి సాకులు చాలానే ఉన్నాయి.

సెప్టెంబర్ 3

ఇంకో పేపరు, 2020. బెంగళూరుదే. కందిరీగ వాసన పీలుస్తూ పెరిగిన పురుగు రక్తం ముందే సిద్ధమవుతుంది. కుట్టాక లామెల్లోసైట్లు ఎక్కువ వస్తాయి. పురుగుకి వాసన నాడీకణాలు ఒక్కో వైపు 21. అవి చాలు.

రెండోసారి చదివా. లేచి వెళ్ళి ఇన్‌క్యుబేటర్ తలుపు తీశా.

పై అరలో కందిరీగలు. కింది అరలో పోలిక కోసం పెట్టిన నా కంట్రోల్ పురుగులు. మధ్యలో దూది బిరడాలు. ఆగస్టు 1 నించీ.

సెప్టెంబర్ 4

గైడ్‌కి చెప్పా. చాలాసేపు కిటికీలోంచి చూశారు. "ఇంటరెస్టింగ్" అన్నారు. కరెక్టే అని మాత్రం అనలేదు.

సెప్టెంబర్ 5

ట్రే కింది అంతస్తుకి మార్చా. మెట్ల మీద సెక్యూరిటీ ఆపాడు. ఏంటివి? ఈగలు. ఎందుకు? వాసన. సరే వెళ్ళమన్నాడు.

సెప్టెంబర్ 18

కింది అంతస్తులోనే పుట్టిన పురుగులు. కందిరీగ ఊసే తెలియనివి. ఒక్కోదాని రక్తం తీసి చూశా, రాత్రి పదింటికి. లామెల్లోసైట్లు: మొదటిది 0. రెండోది 0. మూడోది 0. నాన్న వాట్సాప్‌లో షాపు ఫోటో పెట్టాడు, ఖాళీ. నాలుగోది 1.

దీపం తగ్గించి మళ్ళీ చూశా. 1.