మా ఇంగ్లీషు చదువు

మేము తోడికోడండ్ర మిద్దరము. మాది బత్తలపల్లి. అనంతపురమునుండి కదిరికి బోవు బాటమీది యూరు; 2022లో క్రొత్త జిల్లాలేర్పడినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ధర్మవరము దాపుననే యుండుటచే మా యింటను పట్టుమగ్గ మొకటి యాడుచుండును. ఇద్దరమును ఎనిమిదవ తరగతితో చదువు చాలించి కాపురమునకు వచ్చినవారమే. అట్టి మేము నడివయస్సున ఇంగ్లీషు క్రియలు వల్లించుటకు కారణము గలదు. చెప్పుకొనుటకు సిగ్గుపడము.

ఆ నడుమ పరవూరి వర్తకు డొకనికి ఫోనులోనే చీర చూపితిమి. బేరము కుదిరెను. అతడు ఇంగ్లీషున నొక వాక్యము వ్రాసి పంపెను: "ది అమౌంట్ విల్ బి ట్రాన్స్‌ఫర్డ్." చిన్ననాడు బడిలో నేర్చినదానిలో మాకు జ్ఞప్తియందున్న దొక్కటే: క్రియ చివర 'ఈ, డీ' అను రెండక్షరము లున్నచో నది భూతకాలము. ఆ యక్షరములు కంటికి గానవచ్చెను. సొమ్ము పంపినాడనుకొంటిమి. ఆ సాయంకాలమే చీరను కొరియరువాని చేతఁ బెట్టితిమి. పట్టు తెచ్చిన బాకీ నెత్తిమీద నుండగా, సొమ్ము చేతికి వచ్చుటకు మూడు నెలలు పట్టెను. ఆ మూడు నెలలును ఇంటిలో ఒకరి ముఖ మొకరము చూచుకొనలేకపోతిమి.

"అమ్మా, చిన్నమ్మా, ముందరనున్న 'విల్' చూడలేదా?" అని మాలో పెద్దదాని కూతురు, తొమ్మిదవ తరగతి పిల్ల, మెల్లగా నడిగెను. ఆ రాత్రినుండి అదియే మాకు పంతులమ్మ.

పాఠము వంటయింటి క్రియతో మొదలు. కుక్ అనగా వండు. దానికి కుక్, కుక్స్, కుక్ట్, కుకింగ్ అని నాలుగే రూపములట! మన క్రియ యట్లు గాదు. నేను వండితిని, మేము వండితిమి, నీవు వండితివి, మీరు వండితిరి, ఆమె వండెను, వారు వండిరి అని యొక్క భూతకాలమందే ఆరు తీరులు. వారి కెవరు వండినను కుక్ట్ ఒక్కటే. అందుచేతనే వారు ఐ, షీ, దే యను కర్తలను విడువరాదు. మనకు 'వండితిని' యన్న మాటలోనే వండినవారు కూర్చుండియున్నారు. బ్రౌను దొర మన సీమలోని కడపలో కాపురముండి, 1840లో తెలుగునకు వ్యాకరణము అచ్చు వేయించెను. "ఆయన పడిన పాట్లలో మనది నాలుగవ పాలైనను లేదక్కా" అని మాలో చిన్నది నవ్వెను.

కాని 'షీ కుక్స్' లోని యా ఒక్క 'ఎస్' మమ్ము పదిదినము లేడిపించినది. షీ కుక్స్ అనగా నిప్పుడు వండుచున్నదని కాదు, దినదినమును వండునని యర్థము. ఇప్పుడు పొయ్యి ముందున్నచో షీ ఈజ్ కుకింగ్ అనవలెను. ఇది మనకు క్రొత్త గాదు. 1858లో బాలవ్యాకరణము వెలయించిన చిన్నయసూరి భూత వర్తమాన భవిష్యత్తులే గాక తద్ధర్మమని వేరొకటి చెప్పియున్నాడు. మా అత్తగారు వేకువనే లేతురు. వాన యాషాఢమున కురియును (మా సీమలో నీ రెండవది యెల్లప్పుడు నిజము గాదు). ఆ తద్ధర్మమే షీ కుక్స్ అని తెలిసినపిమ్మట 'ఎస్' దారికి వచ్చెను.

'ఈ, డీ' వ్రాతలో నొక్కటే గాని పలుకుటలో మూడు. మేము 'కుక్కెడ్, వాషెడ్' అనుచుంటిమి. పిల్ల గొంతుపై వ్రేలుంచి చూడుమనెను. క్లీన్, కాల్ అనువాని చివర గొంతు అదరును. అచట డకారము: క్లీన్డ్, కాల్డ్. వాష్, కుక్ అనువాని చివర అదరదు. అచట టకారము: వాష్ట్, కుక్ట్. క్రియ ముందే టకారముతోనో డకారముతోనో ముగిసినచో మాత్రము ఇడ్: వాంటిడ్, నీడిడ్. మే మిద్దరమును గొంతులు పట్టుకొని కూర్చుండుట చూచి, దగ్గు పట్టినదేమోయని అత్తగారు మిరియాల కషాయము పెట్టబోయిరి.

మా వృత్తియే యీ నియమమునకు లోబడలేదు. నేయుటకు వీవ్, వోవ్, వోవెన్. రంగు వేయుట మాత్రము బుద్ధిగా డై, డైడ్. అయితే చచ్చుటయు పలుకుబడిలో డైడ్ అనియే వినబడును! పట్టునకు రంగు వేసితిమని ఫోనులో చెప్పుటకు మాకు నేటికిని జంకే.

తుదకు మా చీర నెత్తుకొనిపోయిన మాటయొద్దకు వచ్చితిమి. కుక్ట్ అనునది 'వండెను' అనుటకును, 'వండిన' అనుటకును, 'వండబడు' అనుచోటను గూడ నొక్కటే. కుక్ట్ రైస్ అనగా వండిన యన్నము. రైస్ వజ్ కుక్ట్ అనగా అన్నము వండబడెను. రైస్ విల్ బి కుక్ట్ అనగా వండబడును. ఇట్టిచోట్ల కాలము ముందరి చిన్నమాటలలో నున్నది. మనమో తోకను చూచి కాలము పోల్చుకొనువారము. బియ్యము పొయ్యిమీది కెక్కకమునుపే మేము విస్తళ్ళు పరచి కూర్చుంటిమన్నమాట.

మొన్న మరియొక యూరివారు ఆకుపచ్చ చీర యొకటి బేరమాడి ఫోనులో నేదో వ్రాసి పంపిరి. చిన్నదాని పెనిమిటి చీరను మడిచి అట్టపెట్టెలో సర్ది, "పంపవచ్చునా వదినా?" అనెను. మే మిద్దరమును కండ్లజోళ్ళు సవరించుకొని చదివితిమి.

"లేదు నాయనా. ఇంకను రాలేదు. 'విల్ బి' అనియున్నది."

పిల్ల బడినుండి వచ్చులోపల జవాబు మేమే వ్రాసితిమి: "వెన్ ది అమౌంట్ ఈజ్ రిసీవ్డ్, ది సారీ విల్ బి ప్యాక్ట్." సాయంకాల మది చూచి పిల్ల, పలికినట్లు 'టీ' వ్రాసితిరని చివరి మాట మాత్రము దిద్ది, 'ఈ, డీ' పెట్టినది. చీర బీరువాలో నున్నది.