సోడా నీళ్ల పొంగు ఆగేదాకా

కారు బ్యాటరీ ఇంట్లోనే మార్చుకోవడం ఎలాగో పాఠకులకు చెప్పాలి, ఒకసారి ఆటోనగర్ వెళ్లి రండి అన్నారు ఎడిటర్ గారు. గుంటూరు ఆటోనగర్‌లో చూడాలంటే చాలా ఉంది. లారీ బాడీలు కట్టేవాళ్లు, రేడియేటర్లకు మాట్లు వేసేవాళ్లు, లేతు పనివాళ్లు. నేను ఒక బ్యాటరీ షెడ్డు దాటి ముందుకు పోలేకపోయాను. అందుకు కారణం అక్కడి పెద్దాయన చేతులు.

మిర్చి సీజను. టిక్కీల లారీలు యార్డు వైపు పోతుంటే గాలిలో ఘాటు. పర్చూరు వైపు నుంచి వచ్చిన పత్తి రైతు ఒకాయన షెడ్డు ముందు కారు ఆపి గొడవ పెట్టుకుంటున్నాడు. "కొత్త బ్యాటరీ వేసి ఏడాది కాలేదు బాబాయ్. సెల్ఫ్ కొట్టట్లేదు. కింద పెయింటంతా లేచిపోతోంది. ఇదేం బ్యాటరీ?" కొడుకే ఇంటి దగ్గర మార్చాడట. ఆ కుర్రాడు కారు వెనకాల నిలబడి వింటున్నాడు.

పెద్దాయన బానెట్ ఎత్తి, పానా పట్టకుండా ముందు వంగి చూశారు. ప్లస్ టెర్మినల్ చుట్టూ తెల్లటి పొడి, రాగి తీగ దగ్గర నీలం చిలుము. దేన్నీ ముట్టుకోలేదు. గుడ్డతో బ్యాటరీ పక్కన పట్టి కదిపితే మొత్తం ఊగింది.

"క్లాంపు ఏదిరా అబ్బాయ్?"

"డిక్కీలో ఉంది తాతా. బిగించడం రాలేదు."

రైతు గొంతు తగ్గింది. పొలం గట్ల మీద, గుంతల రోడ్ల మీద అన్ని నెలలు ఊగితే బ్యాటరీ డబ్బా ఎక్కడో చిట్లక మానదు. చిట్లితే కారేది నీళ్లు కాదు, గంధకామ్లం.

ఆ తర్వాత పెద్దాయన చేసిన పని ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు, ఆయనకున్నంత ఓపిక ఉంటే. ఇంజన్ ఆపి, తాళం తీయించి, అద్దాలు పెట్టుకున్నారు, గ్లౌజులు తొడిగారు. పానా పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంది. మొదట మైనస్ విప్పి, ఆ తీగ వెనక్కి ఎగిరి రాకుండా గుడ్డలో చుట్టి పక్కకు దోపారు. ఈ వరసకు కారణం ఉంది. కారు బాడీ అంతా మైనస్సే. మైనస్ తగిలి ఉండగా ప్లస్ విప్పబోతే, పానా రెండో కొన బాడీకి ఆనిందంటే చాలు, నిప్పురవ్వ లేస్తుంది. చార్జింగులో బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది 4 శాతం ఉంటే అంటుకోవడానికి సరిపోతుంది. అందుకే విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు ప్లస్ ముందు. బిగుసుకున్న టెర్మినల్‌ని ఆయన సుత్తితో కొట్టలేదు, కొంచెం కొంచెంగా తిప్పి వదులు చేశారు. కొడితే పోస్టు మొదట్లో సీలు వదులై, లీకు అక్కడే మొదలవుతుందట. చిన్న కారు బ్యాటరీ కూడా ఇంచుమించు పది కిలోలు ఉంటుంది. దాన్ని వంచకుండా, కింద చేయి వేసి నిటారుగా ఎత్తి ప్లాస్టిక్ తొట్టిలో పెట్టారు.

నేను చూడాల్సింది దాని కిందే ఉంది. ట్రే పెయింటు పొరలు పొరలుగా లేచింది, దాని కింద తుప్పు, పక్కనే వైర్ల కట్ట. తినేసోడా కలిపిన నీళ్లు ఆయన మెల్లగా పోశారు. బుసబుసమని నురగ వచ్చింది. ఆగారు. మళ్లీ పోశారు. మళ్లీ నురగ. "పొంగు ఆగిందంటే యాసిడ్ చచ్చిందన్నమాట. అది చావకుండా కొత్తది పెడితే ఇనుము తింటూనే ఉంటది." పొంగు ఆగాక మంచినీళ్లు, పొడి గుడ్డ, ట్రేకి పెయింటు. టెర్మినల్స్‌కి బ్రష్షు, బిగించాక పైన వ్యాస్‌లిన్. ఇంత పనిలోనూ సోడా నీళ్ల చుక్క బ్యాటరీ మూతల మీద పడనివ్వలేదు. లోపలికి పోతే ఆ బ్యాటరీ పనికిరాదు.

కొత్త బ్యాటరీ బిగించగానే పంపేయలేదు. ఇంజన్ స్టార్ట్ చేయించి మీటరు పెట్టారు. చాలా కార్లలో 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య రావాలి. 15 దాటితే ఆల్టర్నేటర్ ఎక్కువ చార్జింగ్ ఇస్తున్నట్టు. అప్పుడు లోపలి నీళ్లు గ్యాసుగా మారి, యాసిడ్ తుంపరై మూతల నుంచి బయటికొస్తుంది. అది సరిచేయకుండా ఎన్ని బ్యాటరీలు మార్చినా లీకు ఆగదు. మన ఎండలు దీనికి తోడు. రెంటచింతల వేడి గురించి ఏటా పత్రికల్లో చదువుతూనే ఉంటాం. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని ఇంజనీర్ల లెక్క. నీళ్లు పోసే మూతలున్న బ్యాటరీ అయితే వేసవిలో ప్లేట్లు మునిగి ఉన్నాయో లేదో చూసుకోవాలి. తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి, యాసిడ్ పోయకూడదు. గుర్తు దాటి పోస్తే అదే పొంగి కారుతుంది.

పెద్దాయన వేసుకున్నది టెర్లిన్ చొక్కా. పత్తి పండే నేల మీద ఉంటూ నూలు బట్ట ఎందుకు వేసుకోరని అడిగాను. "నూలు మీద చుక్క పడితే ఆ పూట తెలీదు సార్. ఉతికాక జల్లెడైపోయుంటది." నీరు ఆరిపోయి, మిగిలిన ఆమ్లం చిక్కబడి నూలుని తినేస్తుంది. పత్తి విత్తనాల మీద నూగు తీయడానికి విత్తన కంపెనీలు వాడేదీ ఈ ఆమ్లాన్నే. బట్టని వదలనిది చేతుల్ని వదులుతుందా? ఆయన వేళ్ల కొసలు తెల్లగా మొద్దుబారి, గోళ్ల పక్కన చీలి ఉన్నాయి. గ్లౌజులు వాడటం చాలా ఏళ్ల తర్వాత మొదలుపెట్టారట.

ఆయన పని నేర్చుకున్న రోజుల్లో లారీ బ్యాటరీ పైన తారు పోసి ఉండేది. తారు కరిగించి, చెడిన సెల్లు ఒక్కదాన్నే పైకి తీసి, ప్లేట్లు మార్చి, సీసంతో మళ్లీ అతికేవారు. ఆరు సెల్లుల్లో ఏది చెడిందో హైడ్రోమీటర్ ముంచి చెప్పేవారు. నిండా చార్జి ఉన్న సెల్లు 1.265 పైన చూపాలి. ఇప్పుడొచ్చే ప్లాస్టిక్ డబ్బాలు విప్పడానికి లేదు. సీల్డ్ అని రాసి ఉంది కాబట్టి చూడక్కర్లేదనుకుని బానెట్ ఎత్తడమే మానేశాం. నాకు బాధ కలిగించేది అదే. తిరుపతి పక్కన కరకంబాడిలో 1985లో మొదలైన అమరరాజా నుంచి దేశమంతటికీ బ్యాటరీలు పోతున్నాయి. ఆ సంస్థ కుటుంబానికి చెందిన గల్లా జయదేవ్ పదేళ్లు మన గుంటూరు ఎంపీగా ఉన్నారు. ఇంత పెద్ద పరిశ్రమ ఉన్న రాష్ట్రంలో, ఇంట్లో కారున్న కుర్రాడికి ఒక క్లాంపు ఎందుకు బిగించాలో చెప్పే చోటు ఒక్కటి కూడా నాకు కనిపించలేదు. ఐటీఐలు సెలవు రోజుల్లో ఊళ్లవాళ్లకు ఒక పూట ఈ పని చూపిస్తే ఎంత ఖర్చవుతుంది? ఈ పెద్దాయన్ని పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టాలి. ఆయన తర్వాత ఈ షెడ్డులో కూర్చునేవాళ్లు లేరు.

పాత బ్యాటరీ కోసం పాత ఇనుము కొనేవాడు అప్పటికే వచ్చి నిలబడ్డాడు. కొట్లో ఇచ్చేదానికన్నా నాలుగు వందలు ఎక్కువిస్తానన్నాడు. పెద్దాయన ఇవ్వలేదు. అలాంటివాళ్లు యాసిడ్ మురుక్కాలవలోకి ఒంపేసి, ప్లేట్లు పెరట్లో కరిగిస్తారని ఆయనకు తెలుసు. ఆ సీసం పొగ పిల్లల మెదడుకు తగిలితే పోయిన తెలివి తిరిగి రాదు. సీసం ఇంతవరకు ఫరవాలేదనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ కలిసి ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం ఆందోళనకర స్థాయిలో ఉంది. పాత బ్యాటరీల్ని ఇష్టమొచ్చినట్టు కరిగించడం అందుకు ఒక ముఖ్య కారణం. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతది విడిగా ఉంచి, సేకరణకో రీసైక్లింగుకో బాధ్యత ఉన్నవాళ్లకే ఇవ్వడం వాడేవాళ్ల పని కూడా.

బ్యాటరీ ఇంట్లో మార్చుకోండి, తప్పులేదు. మైనస్ ముందు విప్పండి, క్లాంపు బిగించండి, సోడా నీళ్ల పొంగు ఆగేదాకా ఆగండి. పాతదాన్ని మాత్రం నిటారుగా తీసుకెళ్లి, కొత్తది కొన్న కొట్లోనే ఇచ్చి రసీదు తీసుకోండి. నాలుగు వందలకు ఆశపడకండి.