నాన్నగారి టికెట్టు

ఓర్లాండో దగ్గరి మ్యాజిక్ కింగ్డం చూడబోతూ పొదుపు సూత్రాలన్నీ పాటించాం. రోజును బట్టి ధర మారుతుంది కనుక చవకైన రోజునే ఎంచుకున్నాం. మూడేళ్ళు నిండని పాపకు టికెట్టు అక్కర్లేదు. ఇంటి తిండి తీసుకువెళ్ళనిస్తారు కనుక డబ్బా నిండా పులిహోర; చల్లని మంచినీళ్ళు లోపలి తినుబండారాల కౌంటర్లలో ఊరికే ఇస్తారు.

"నా టికెట్టు కూడా మిగుల్చు, నేను బయట కూర్చుంటాలే" అన్నారు నాన్నగారు. చిన్నప్పుడు ఎగ్జిబిషనులో మేము జెయింటు వీలు ఎక్కితే, ఆయన మా చెప్పులకు కాపలాగా కిందే నిలబడేవారు. భయమేమో అనుకునేవాణ్ణి. అది పొదుపని ఇన్నేళ్ళకు తెలిసింది.

ఆయన టికెట్టు కొన్నాను. మనవరాలిని పట్టుకుని గుర్రాల రాట్నమెక్కి, దానికంటె గట్టిగా నవ్వారు. రూపాయల్లో ఎంతయిందని సాయంత్రం దాకా అడగలేదు.