కంచర గాడిదతో ఆగిపోయిన పాఠం

ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పినన్నాళ్లూ 'జాతి' పాఠాన్ని కంచర గాడిదతోనే ముగించాను. గుర్రం, గాడిద కలిస్తే కంచర గాడిద పుడుతుంది, దానికి పిల్లలు పుట్టవు, కాబట్టి గుర్రం వేరు, గాడిద వేరు. అప్పట్లో ఎంసెట్‌కి అది సరిపోయేది. ఒకసారి యూనిట్ టెస్టులో ఓ అమ్మాయి, సంకర జీవులన్నీ గొడ్డుబోతువి కావనీ, వాటి నుంచి కొత్త జాతి కూడా రావచ్చనీ రాసింది. మార్జిన్‌లో ఎర్రసిరాతో 'సొంత పైత్యం వద్దు' అని రాసి మార్కులు కోసేశాను. ఆమె వచ్చి అడగలేదు. అడిగితే జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ మయర్ 1942లో జాతికి ఇచ్చిన నిర్వచనాన్ని వినిపించి పంపేసేవాణ్ణి.

నేను ఆ పేపర్లు దిద్దేనాటికే హెలికోనియస్ సీతాకోకచిలుకల కథ 'నేచర్' పత్రికలో అచ్చయింది, 2006లో. కొలంబియాలో ఆండీస్ తూర్పు వాలున హెలికోనియస్ హ్యూరిప్పా అనేది ఉంది. దాని నల్లటి ముందు రెక్క మీద ఎరుపు, పసుపు పట్టీలు పక్కపక్కనే ఉంటాయి. ఎరుపు మెల్పోమెనీ అనే జాతిది, పసుపు సిడ్నో అనే జాతిది. ఈ రెండింటినీ శాస్త్రవేత్తలు సంకరం చేస్తే, మూడు తరాలు తిరిగేసరికి దాదాపు హ్యూరిప్పా రెక్కే తయారైంది. ఒట్టి ఎరుపో, ఒట్టి పసుపో ఉన్న నమూనా రెక్కలు చూపిస్తే హ్యూరిప్పా మగవి అంతగా దగ్గరికి రాలేదు. వాటికి రెండు రంగులూ కావాలి. ఈ గుంపు రెక్కల రంగు పిట్టలకు 'నన్ను తింటే విషం' అనే హెచ్చరిక, జత వెతుక్కునేందుకు ఆనవాలు కూడా. అందుకే ఆ రంగును శాసించే కాస్త జన్యుభాగం చేతులు మారినా, శత్రువుతో లెక్కా మారుతుంది, పెళ్లి సంబంధమూ మారుతుంది.

మరి సంకరానికి పిల్లలెలా పుట్టాయి? ఇక్కడే నాకు సిగ్గేసింది. సంకరంలో ఆడ, మగల్లో ఒక్కటే గొడ్డుబోతు అయితే, అది రెండు వేర్వేరు లింగ క్రోమోజోములున్నదే అవుతుందని జె.బి.ఎస్. హాల్డేన్ 1922లో చెప్పాడు. (చివరి రోజులు భువనేశ్వర్‌లో గడిపి, తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసిచ్చిన హాల్డేనే.) మనుషుల్లో అలాంటి క్రోమోజోములు మగవారివి, సీతాకోకచిలుకల్లో ఆడవాటివి. సిడ్నో, మెల్పోమెనీల సంకరంలోనూ ఆడవి గొడ్డుబోతువి, మగవి కావు. ఆ మగవి మళ్లీ సిడ్నోతో జతకడితే మెల్పోమెనీ జన్యువులు సిడ్నోలోకి చేరతాయి. తరాలు గడిచేకొద్దీ పనికిరానివి రాలిపోయి, పనికొచ్చేవి మిగులుతాయి. హాల్డేన్ సూత్రాన్ని ఏటా బోర్డు మీద రాసినవాణ్ణే. రాసి, గొడ్డుబోతు కానిది ఏం చేస్తుందో ఒక్కసారీ అడగలేదు.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి. రొట్టె గోధుమ వేర్వేరు గడ్డి జాతుల సంకరం వల్ల వచ్చిందని పక్క గదిలో బోటనీ మాస్టారు చెబుతుంటే గోడ అవతల నుంచి వింటూనే ఉన్నాను. మొక్కలకు ఒక న్యాయం, జంతువులకు ఒక న్యాయమని మయర్ పుణ్యాన నమ్మేశాను. జంతు పరిణామంలో సంకరానికి పెద్ద పాత్ర లేదన్నది ఆయన అభిప్రాయం. అభిప్రాయాన్ని సూత్రంగా మార్చింది మాత్రం నేనే.

హ్యూరిప్పా సంకర జాతేనా అని తర్వాత వాదాలు వచ్చాయి, నిజమే. కానీ 2024లో అమెజాన్‌కు చెందిన హెలికోనియస్ ఎలివేటస్ జన్యువుల లెక్క తేలాక నాలాంటివాళ్లకు మాట్లాడే చోటు మిగల్లేదు. అది సుమారు 1,80,000 ఏళ్ల కిందట పుట్టిన సంకర జాతి. దాని జన్యువుల్లో 99 శాతం పార్డాలినస్ అనే జాతివి, మెల్పోమెనీ వాటా ఒక్క శాతమే. ఆ ఒక్క శాతంలోనే రెక్కల రంగు, రెక్క ఆకారం, మగవాటి వాసన, గుడ్లు పెట్టడానికి ఏ కృష్ణకమలం తీగను ఎంచుకోవాలన్న ఇష్టం లాంటివి ఉన్నాయి. పార్డాలినస్, ఎలివేటస్ ఇప్పటికీ ఒకే అడవుల్లో తిరుగుతున్నాయి, జన్యువులు అప్పుడప్పుడూ అటూ ఇటూ పోతూనే ఉన్నాయి, అయినా రెండూ రెండు జాతులుగానే నిలిచాయి. ఇప్పుడు జువాలజీ చెబుతున్న మాస్టార్లు ఈ మాట కూడా పాఠంలో చేర్చండి. పట్టేది ఇంకో అయిదు నిమిషాలే.