గుడ్డెలుగుకు రేడియం పట్టీలు

రామగుండం ఎండ గురించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. మే నెల టీవీ వార్తల్లో మా ఊరి పేరు రాకపోతేనే వింత. కానీ మాకు చలి కూడా ఉంటుందంటే హైదరాబాద్‌లో నా టీమ్ వాళ్ళు నమ్మరు. "బొగ్గు మీద కూర్చున్నోళ్ళకు చలేంది బ్రో?" అంటారు. డిసెంబర్, జనవరి నెలల్లో చలిగాలులు వీచే రోజుల్లో పెద్దపల్లి జిల్లాలో తెల్లవారుజామున పది డిగ్రీల చుట్టుపక్కలకు దిగుతుంది. ఎనిమిదింటికి లేచేవాళ్ళకు ఆ చలి తెలియదు. అది షిఫ్టు మనుషుల చలి. ఏడింటి డ్యూటీకి ఐదున్నరకే బండి తీసేవాళ్ళది. నైట్ షిఫ్ట్ దిగి, చెమట ఆరకముందే బండెక్కేవాళ్ళది.

గని లోపల కాలాలుండవు అంటాడు మా బాపు. బయట డిసెంబరైనా లోపల ఉక్కపోతే. పనిచేసే చోట వెట్ బల్బ్ ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు దాటకూడదని బొగ్గుగనుల నిబంధనల్లో రాసుంది. అంత పరిమితి పెట్టాల్సి వచ్చిందంటే లోపల ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. అక్కడ ఎనిమిది గంటలు తడిసిన ఒంటితో పైకొచ్చి, టీవీఎస్ మీద ఇంటికి రావాలి. అందుకు బాపు చొక్కా లోపల ఛాతీ మీద పాత న్యూస్ పేపర్ పరుచుకునేవాడు, పైన గొంగడి. టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పోటీల్లో కొండ దిగేముందు రైడర్లు, రోడ్డు పక్కన నిలబడ్డ జనం దగ్గర పేపర్లు తీసుకుని జెర్సీల్లో దోపుకునేవాళ్ళని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. బాపుకు టూర్ డి ఫ్రాన్స్ తెలియదు. గాలిని ఆపాలని మాత్రం తెలుసు.

ఇప్పుడు ఆ దారి మీద పోయేది మా చెల్లె. బాపు మెడికల్ అన్‌ఫిట్ అయ్యాక వచ్చిన డిపెండెంట్ నౌకరి ఆమెది, సింగరేణి స్టోర్స్‌లో. అప్పటికి పెళ్ళి కాలేదు. పెళ్ళయ్యాక కాపురం పెద్దపల్లిలో, డ్యూటీ గోదావరిఖనిలో. మధ్యలో రాజీవ్ రహదారి, బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ, ఎన్టీపీసీ పొగగొట్టాలు. పాతిక కిలోమీటర్ల పైనే. ఆమె టైముకు కుదిరే బస్సు లేదు కాబట్టి స్కూటీయే దిక్కు.

మూడేళ్ళ కింద ఆమె ఒక కోటు కుట్టించుకుంది. ఇంట్లో ఒక పాత మింక్ బ్లాంకెట్ ఉండేది, మనం బొచ్చు దుప్పటి అంటామే, అది. ముదురు గోధుమరంగు, మధ్యలో పళ్ళెమంత గులాబీ. దాన్ని తీసుకుని టైలర్ దగ్గరికి పోతే "సూది విరుగుతది బిడ్డా" అని ఆయన ముందు ఒప్పుకోలేదట. విరిగిన సూదుల పైసలు కూడా ఇస్తానని ఒప్పించింది. లోపల లైనింగ్‌గా పాత రెయిన్‌కోటు. మిగిలిన ముక్కతో మోకాళ్ళ నుంచి మడమల దాకా ఎలాస్టిక్ తొడుగులు, స్కూటీ హ్యాండిల్‌కు రెండు సంచుల్లాంటివి. చేతులు వాటిలోకి దూర్చి బ్రేకులు పట్టుకోవాలి. తలకు మంకీ క్యాప్, దాని మీద హెల్మెట్. వీపు మీద సరిగ్గా మధ్యలో గులాబీ.

మొదటిరోజు చూసి అమ్మ, "గుడ్డెలుగు బండి నడుపుతున్నట్టే ఉన్నవే" అంది. వీధికుక్కలు వారం రోజులు మొరిగి, తర్వాత అలవాటు పడ్డాయి. స్టోర్స్‌లో ఆమె కోటు తగిలించే కొక్కేనికి ఎవరో 'జూ' అని కాగితం అంటించారు. బొచ్చు రాలి టిఫిన్ డబ్బాలో పడుతోందని చెల్లె విసుక్కుంటే బాపు నవ్వి, "గొంగట్ల తినుకుంట వెంట్రుకలు ఏరితే ఎట్లనే?" అన్నాడు.

ఆ సామెత మన చలిబట్టల గురించి చాలా చెప్తుంది. గొంగడి మెత్తనిది కాదు, గుచ్చుకుంటుంది. నల్లటి దక్కనీ గొర్రెల ముతక ఉన్నిని వడికి, నేసి, చింతగింజల గంజి పట్టించి చేస్తారు. వేసుకున్నవాడు వానలో, చలిలో రాత్రంతా మంద దగ్గర నిలబడగలగాలి. చూసేవాడి ముచ్చట కోసం చేసింది కాదు. గద్దర్ భుజం మీద ఉన్నప్పుడు అదే గొంగడికి వేలమంది చప్పట్లు కొట్టారు. బాపు టీవీఎస్ మీద కప్పుకుని పోతుంటే మాత్రం కాలనీ పిల్లలు నవ్వేవాళ్ళు. బట్ట అదే, చోటు మారిందంతే.

బండెక్కేవాడి బట్ట నిలబడి చూసేవాడికి వింతగా కనబడటం కొత్త సంగతి కాదు. అసలు ప్యాంటే అలా పుట్టిందంటారు. ఇప్పటిదాకా దొరికిన అతి పాత ప్యాంట్లలో కొన్ని చైనా పడమటి ఎడారుల్లో, తుర్ఫాన్ దగ్గర యాంగ్‌హై సమాధుల్లో బయటపడ్డాయి. సుమారు 3,000 ఏళ్ళ నాటివి, ఉన్నివి. కాళ్ళ మధ్య గుడ్డ వెడల్పుగా పెట్టి, గుర్రం మీద కాళ్ళు చాపి కూర్చోవడానికి వీలుగా నేసినవి. గ్రీకులకూ రోమన్లకూ ప్యాంటంటే అనాగరికుల వేషం. 4వ శతాబ్దం చివర రోమ్ నగరంలో ప్యాంటు తొడగొద్దని చట్టమే చేశారు. ఈరోజు అదే ప్యాంటు తొడుక్కుని మనం ఇంటర్వ్యూలకు పోతున్నాం.

అమెరికాలో మొంటానా, వయోమింగ్ వైపు కౌబాయ్‌లు 19వ శతాబ్దం చివర్లో 'వూలీలు' వేసేవాళ్ళు. అంగోరా మేక తోలుతో చేసిన కాళ్ళ తొడుగులవి, పొడుగాటి బొచ్చు బయటికే ఉంటుంది. పాత ఫోటోల్లో చూస్తే నడుము పైన మనిషి, కింద మేక. మంచు ఆ బొచ్చు మీది నుంచి జారిపోయేది, లోపలి తోలు గాలిని ఆపేది. 1900 ప్రాంతంలో పైకప్పు లేని కార్లు నడిపిన యూరప్ ధనవంతులు కూడా ఒళ్ళంతా బొచ్చుకోట్లు, కళ్ళకు గాగుల్స్ పెట్టుకునే బయల్దేరేవాళ్ళు. ఇక ఉత్తర చైనా నగరాల్లో ఈరోజుకీ ఎలక్ట్రిక్ స్కూటర్ల ముందు ఛాతీ నుంచి పాదాల దాకా ఒక బొంత వేలాడుతుంటుంది, చేతులకు దాంట్లోనే జేబులు. పువ్వులవి, కార్టూన్ బొమ్మలవి. మా చెల్లె ఆ ఊళ్ళో ఉంటే ఎవరూ తిరిగి కూడా చూడరు.

ఇంత వేషం అవసరమా అంటే, లెక్క వేసి చూడొచ్చు. గాలి వేగంతో చలి ఎంత పెరుగుతుందో చెప్పడానికి 2001లో అమెరికా, కెనడా కలిసి ఒక ఫార్ములా తెచ్చాయి. పది డిగ్రీల ఉష్ణోగ్రత, గంటకు యాభై కిలోమీటర్ల గాలి అని అందులో వేస్తే జవాబు అయిదున్నర దగ్గర వస్తుంది. అంటే చెల్లె స్కూటీ ఎక్కగానే ఊరి చలి దాదాపు సగానికి పడిపోతుంది. అన్నిటికంటే ముందు పోయేవి వేళ్ళు. గుండె, పొట్ట వెచ్చగా ఉంచుకోవడానికి ఒళ్ళు వేళ్ళకు రక్తం తగ్గిస్తుంది. మొద్దుబారిన వేలు బ్రేకు దాకా పోవడానికి ఒక క్షణం ఎక్కువ పడుతుంది. బొగ్గు లారీల మధ్య, పొగమంచులో, ఆ క్షణం చిన్నది కాదు.

బొచ్చు వెచ్చన ఇచ్చేది తనంతట తాను కాదు, మధ్యలో పట్టి ఉంచే గాలితో. ఎదురుగాలి ఆ బొచ్చులోకి దూరితే పట్టిన గాలి కాస్తా కొట్టుకుపోతుంది. అందుకే బొచ్చు లోపలికి, గాలి చొరని పొర బయటికి ఉండాలి. మొదటి ప్రపంచయుద్ధంలో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ 1917లో తయారుచేసిన సిడ్‌కాట్ సూట్ రహస్యం ఇదే. లోపల బొచ్చు, మధ్యలో గాలి చొరని పట్టు, పైన గట్టి గుడ్డ. ఇంజను దగ్గర పనిచేస్తూ నూనె మరకలతో నిండిన తన ఓవరాల్స్‌తోనే పైకి పోతే మిగతావాళ్ళు వణికినా తనకు చలి పెట్టలేదని గమనించి, అక్కణ్ణుంచి ఆలోచన అల్లుకున్నాడట.

సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు చెల్లెకు ఇదంతా చెప్పాను. "కోటు తిప్పి కుట్టించు. బొచ్చు లోపలికి, రెయిన్‌కోటు బయటికి. ఇంకా వెచ్చగుంటది, నవ్వేటోళ్ళు కూడా నవ్వరు" అన్నాను.

"తెలుసన్నా" అంది. "మొదలు అట్లనే కుట్టించిన."

"మరి?"

"అట్ల తొడుక్కుంటే ఆడిమనిషి రెయిన్‌కోటు ఏసుకున్నట్టు కొడుతుంది. ఇట్ల తొడుక్కుంటే ఏం పోతుందో ఎవ్వనికి సమజ్ కాదు."

తర్వాత మెల్లగా చెప్పింది. కోటు కుట్టించకముందు ఒక డిసెంబర్ పొద్దున, బసంత్‌నగర్ దాటాక ఇద్దరు కుర్రాళ్ళు బండి మీద ఆమె వెనకే వచ్చారు. ఆమె నెమ్మదిస్తే వాళ్ళూ నెమ్మదించారు, స్పీడు పెంచితే పెంచారు. ఏమీ అనలేదు, ముట్టుకోలేదు. ఎన్టీపీసీ దీపాలు కనబడేదాకా అలాగే వచ్చి, పక్కకు తిరిగి పోయారు. కంప్లయింట్ ఇవ్వడానికి నంబరు చూడలేదు, పొగమంచు. ఇంట్లో చెప్తే నౌకరి మానెయ్యమంటారని చెప్పలేదు. మూడోరోజు మింక్ బ్లాంకెట్ తీసుకుని టైలర్ దగ్గరికి పోయింది.

నేను సాఫ్ట్‌వేర్‌వాణ్ణి. మా పనిలో ఏం కట్టాలో ముందు రాసుకుంటాం. నా లెక్కలో రాసుకున్నది ఒకటే, వెచ్చదనం. ఆమె కాగితంలో రెండున్నాయి. రెండోదాని కోసం మొదటిదాంట్లో కొంత వదులుకుంది. ఆ గుండ్రటి, భుజాలు తెలియని, నడుము తెలియని ఆకారం టైలర్ చేతగానితనం అనుకున్నాం అందరం. ఆమె అడిగి మరీ కుట్టించుకుంది.

చట్టంలో ఈ సంగతి కొంత ఉంది. 1952 నాటి గనుల చట్టం 46వ సెక్షన్ ఆడవాళ్ళను భూమి లోపల పనికి పెట్టుకోవద్దంది. పైన కూడా ఉదయం ఆరు నుంచి రాత్రి ఏడు దాకానే అంది. 2019లో కేంద్రం కొన్ని షరతులతో దీన్ని సడలించింది. రాతపూర్వక ఒప్పుకోలు ఉండాలి, భద్రత చూడాలి వగైరా. మంచిదే. కానీ ఆరింటికి ముందు గని మీద ఆడవాళ్ళు ఉండొద్దని అంత గట్టిగా అనుకున్న కాలంలో కూడా, ఏడింటికి డ్యూటీలో ఉండాలంటే ఆమె ఐదున్నరకు ఎక్కడ ఉంటుందో ఎవరూ అడగలేదు. ఇంటి గడప నుంచి గేటు దాకా ఉన్న ఆ పాతిక కిలోమీటర్లకు సెక్షన్ నంబరు లేదు. దానికున్నది ఒక బొచ్చు దుప్పటి.

చలికోటు అనగానే పుస్తకాలు చదివేవాళ్ళకు 1842లో వచ్చిన గొగోల్ 'ఓవర్‌కోట్' గుర్తొస్తుంది. అందులో అకాకీ అనే గుమాస్తా కడుపు మాడ్చుకుని కోటు కుట్టించుకుంటాడు. ఖరీదైన బొచ్చు కొనలేక కాలర్‌కు పిల్లిబొచ్చు వేయిస్తాడు, దూరం నుంచి ఖరీదైనదానిలాగే కనిపిస్తుందని. అన్నాళ్ళూ ఎవరికీ ఆనని మనిషి ఆ కోటుతో ఆఫీసులో అందరి కంట్లో పడతాడు. ఆ కోటు పోతే మనిషీ పోతాడు. ఆ కథ ఎన్నిసార్లు చదివినా, కనబడాలని కోరుకునేవాడి కథగానే చదివాను. మా చెల్లె కోటు దానికి పూర్తిగా ఎదురు దిక్కు. ఇది కనబడకుండా పోవడానికి కుట్టించుకున్నది. అకాకీ కోటుకు పిల్లి కాలరే చాలింది, మనిషి మనిషిగానే ఉన్నాడు. ఈమె ఆ అరగంటో ముప్పావుగంటో మనిషి కాకుండా పోవాల్సి వచ్చింది. అందరూ నవ్వారు, ఆమె నవ్వనిచ్చింది. నవ్వేవాడు వెంటబడడు కదా అంది.

అయితే ఇందులో ఒక చిక్కుంది, దాన్ని ఆమే చెప్పింది. ముదురు గోధుమరంగు బొచ్చు, పొగమంచు, పొద్దు పొడవని టైము. వెనక వచ్చే కుర్రాళ్ళకు కనబడకపోతే మంచిదే. వెనక వచ్చే లారీకి కూడా కనబడకపోతే?

ఆ సాయంత్రం ఇద్దరం వాకిట్లో కూర్చుని దీని మీద చాలాసేపు మాట్లాడుకున్నాం. బాపు కూడా మంచం మీది నుంచి సలహాలు ఇచ్చాడు. ఓపెన్‌కాస్ట్‌లో వేసుకునే నారింజరంగు రిఫ్లెక్టర్ జాకెట్ పైన తొడిగితే, లోపలున్నది సింగరేణి మనిషని తెలిసిపోతుంది, ఒంటి ఆకారమూ తెలుస్తుంది. బ్లింకర్ లైటు పెడితే బండి తెలుస్తుంది కానీ మనిషి ఎంత వెడల్పో తెలియదు. లారీకి కనబడాలి, మనిషికి సమజ్ కావద్దు. నేను పన్నెండేళ్ళుగా చేస్తున్న ఉద్యోగంలో ఇంత తిరకాసు రిక్వైర్‌మెంట్ ఎవరూ ఇవ్వలేదు.

చివరికి రేడియం పట్టీలు అనుకున్నాం. లైటు పడితేనే మెరిసే టేపు. అడ్డంగా నడుము దగ్గర కుడితే నడుము తెలుస్తుంది కాబట్టి అక్కడ వద్దు. వీపు మీద గులాబీ చుట్టూ గుండ్రంగా ఒకటి, మోచేతుల దగ్గర రెండు, కాళ్ళ తొడుగులకు రెండు. లారీ లైటు పడితే చీకట్లో ఒక పెద్ద సున్నా, నాలుగు గీతలు మెరుస్తాయి. "ట్రాలీ అనుకుంటడు డ్రైవర్" అన్నాడు బాపు, మెచ్చుకోలుగానే.

హైదరాబాద్ వచ్చాక రాణిగంజ్‌లో కుట్టుకునే రకం టేపు దొరికింది. బొచ్చు మీద అంటించేది నిలవదు, కుట్టాల్సిందే. మూడు మీటర్లు సరిపోతుందని లెక్కేసి, కొనేముందు చెల్లెకు ఫోన్ చేశాను.

"మూడు గాదన్నా, పన్నెండు తీస్కో" అంది. "స్టోర్స్‌ల ఇంకో ముగ్గురు బొచ్చు దుప్పట్లు పట్టుకొచ్చిన్రు."