చల్లటి నీళ్లన్నీ మంచి నీళ్లేనా?

ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్లంటే మనకి ఓ నమ్మకం. కానీ కడుపులో పుండ్లు పుట్టించే హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బాక్టీరియాకి చలి అంటే భయం లేదు. ప్రయోగశాలల్లో అది గది వాతావరణంలో కంటే చల్లటి నీళ్లలోనే ఎక్కువ రోజులు బతికింది. చల్లటి పాలలో ఇంకా ఎక్కువ. బాగా పుల్లగా ఉండే పళ్లరసాల్లో మాత్రం త్వరగా చస్తుంది. కడుపులోని ఆమ్లాన్నే తట్టుకునేదానికి ఈ పులుపు ఒక లెక్కా అనిపిస్తుంది కదా! కడుపులో దానికి యూరియా దొరుకుతుంది. దాన్ని అమ్మోనియాగా మార్చి, చుట్టూ ఉన్న ఆమ్లాన్ని విరిచేసుకుంటుంది. గ్లాసులో ఆ వసతి లేదు. అలాగని నిమ్మకాయ పిండితే నీళ్లు శుద్ధి అయిపోవు, మరిగించాల్సిందే.

ఇదంతా నేను చదవడానికి కారణం మా మావయ్యగారు. ఆర్నెల్లు కడుపులో మంటతో బాధపడ్డారు. కారం వల్లేనని ఇంట్లో అందరి తీర్పు. ఎండోస్కోపీలో ఈ బాక్టీరియా బయటపడింది. 1984లో ఆస్ట్రేలియా డాక్టర్ బ్యారీ మార్షల్ దీన్ని తానే తాగి, కడుపువాపు తెచ్చుకుని మరీ చూపించాడట. 2005లో ఆయనకీ రాబిన్ వారెన్‌కీ నోబెల్ వచ్చింది. మనకి దగ్గరగా, హైదరాబాద్ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో కుళాయి నీళ్లు తాగేవాళ్లకంటే బావి నీళ్లు తాగేవాళ్లలో ఈ ఇన్ఫెక్షన్ ఎక్కువ కనిపించింది.

“ఇది ఎక్కువగా చిన్నప్పుడే, ఇంట్లోవాళ్ల నుంచే అంటుకుంటుందమ్మా” అన్నారు డాక్టరుగారు. నా మనసు వెంటనే మా మూడో తరగతి పాప మీదకి పోయింది. మావయ్యగారు సగం తాగిన గ్లాసు పాపకిస్తారు. అది వాళ్లిద్దరి ముద్దు. పెద్దాయనతో “మీ గ్లాసు వేరు” అని ఎలా అంటాం? రెండు రంగుల గ్లాసులు కొని, తాతయ్యకి నీళ్లిచ్చే పని పాపకే అప్పగించాను. ఆవిడగారు ఇప్పుడు పెద్ద ఉద్యోగిలా తిరుగుతోంది. ఏ ఇబ్బందీ లేని పిల్లలకి పరీక్షలు అక్కర్లేదని డాక్టరుగారు చెప్పడంతో ఆ ఆలోచన మానేశాం.

స్కూలు బాటిల్‌లోకి మరిగించి చల్లార్చిన నీళ్లే. మూత లోపలి రబ్బరు రింగు తీసి కడగండి, అక్కడే జిగురు పడుతుంది.

ఇక బెల్లం ఊళ్లో ఉంటూ పిల్లలకి చెరకు రసం వద్దనగలమా? నేను అనలేను. నా అనుమానం అందులో వేసే ఐసు మీదే, అది ఏ నీళ్లతో గడ్డకట్టిందో మనకేం తెలుసు? “ఐసు వద్దు బాబూ, గ్లాసు మేం తెచ్చుకున్నాం” అంటే బండి అతను నవ్వి, కాస్త ఎక్కువే పోస్తాడు.