పరాయి మైదానంలో మన జట్టు

సూరత్ నగరంలోని లింబాయత్‌లో తెల్లవారుజామున నాలుగు గంటలకు కూడా నిశ్శబ్దం ఉండదు. మరమగ్గాల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. వాటిని మేము సాంచాలు అంటాం. మాది పన్నెండు గంటల పని. ఉదయం ఏడింటికి రాత్రివాళ్లు దిగుతారు, పగటివాళ్లు ఎక్కుతారు. 2024 నవంబరు చివరలో ఒక శనివారం నేను పనికి పోలేదు. ఫుట్‌బాల్ ఆట చూడటానికి నా చిన్న కొడుకును వెంటబెట్టుకుని ముంబై వెళ్లాను.

ఒక ఆట కోసం రోజు కూలి వదులుకోవడం మీకు వింతగా తోచవచ్చు. మా సేఠుకు కూడా అలాగే తోచింది. "యాభై రెండేళ్ల వయసులో ఆటలేమిటి?" అన్నాడు. ఆయనకు చెప్పని కారణం మీకు చెబుతాను.

మాది కరీంనగర్ ప్రాంతపు నేత కుటుంబం. మా తాత బతుకుదెరువు కోసం బొంబాయి వెళ్లి, పరేల్‌లో ఒక బట్టల మిల్లులో చేరాడు. మా బాపు అక్కడే పెరిగాడు. ఆ రోజుల్లో బొంబాయిలో రోవర్స్ కప్ అనే పెద్ద ఫుట్‌బాల్ పోటీ జరిగేది. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి వరసగా ఐదుసార్లు ఆ కప్పు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది.

కూపరేజ్ మైదానంలో బాపు ఆ పోలీసు జట్టు ఆటను రెండుసార్లు చూశాడట. "మిల్లులో మమ్మల్ని పేరు పెట్టి పిలిచేటోళ్లు కాదు. ఆ దినం మాత్రం మైదానమంతా మన ఊరి పేరే" అని చెప్పేవాడు. నిజానికి హైదరాబాదు మా ఊరు కాదు. బాపు అక్కడ ఒక్క రాత్రి కూడా ఉండలేదు. కాని పరాయిచోట ఉన్నవాడికి తన దిక్కు నుంచి వచ్చిన ప్రతివాడూ ఊరివాడే.

1982 జనవరిలో బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె మొదలయింది. సుమారు రెండున్నర లక్షల మంది పని మానారు. నెలలు గడిచినా అది తేలలేదు. ఎందరో మళ్లీ మిల్లు గడప తొక్కలేదు. మా కుటుంబం సూరత్ చేరింది. అప్పటికి నాకు పదేళ్లు. నా చదువు అక్కడితో ఆగింది.

ఇక ఆ శనివారం సంగతి. తెల్లవారకముందే ఫ్లయింగ్ రాణి ఎక్కాం. 2023 వరకు ఆ రైలుకు రెండంతస్తుల పెట్టెలు ఉండేవి. పై అంతస్తులో కూర్చోవాలని చిన్నప్పుడు నేను కూడా పేచీ పెట్టినవాడినే. మా ఇంటామె సూరత్ పాలియెస్టర్ ముక్కతో కుట్టిన పసుపు చొక్కా తొడుక్కున్నాను. హైదరాబాదు జట్టు రంగు పసుపు. మావాడు మాత్రం మామూలు చొక్కాతోనే వచ్చాడు. వల్సాడ్ దాటాక అడిగాడు:

"బాపూ, నేను పుట్టింది సూరత్‌ల. హైదరాబాదు చూడనే లేదు. అది మన జట్టు ఎట్లయితది? తాత చూసిన జట్టు వేరు, ఇది వేరు గదా?"

వాడు చెప్పింది నిజమే. పోలీసు జట్టు కథ ఎప్పుడో ముగిసింది. ఇప్పటి హైదరాబాదు ఎఫ్‌సీ 2019లో ఏర్పడింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టును పెనాల్టీ కిక్కులలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఆ తరువాత బలహీనపడి, 2023-24లో పట్టికలో అట్టడుగున నిలిచింది. కొడుకు ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

దాదరులో దిగి పరేల్ వెళ్లాం. తాత పనిచేసిన మిల్లు ఉన్న వీధిలో ఇప్పుడు ఆకాశాన్నంటే భవనాలు ఉన్నాయి. సాయంత్రం లోకల్ రైలులో అంధేరి మైదానం చేరుకున్నాం. తక్కువ ధర టికెట్లు కొన్నాం కాబట్టి మా చుట్టూ అందరూ ముంబై అభిమానులే. హైదరాబాదు ఆటగాడి కాలికి బంతి అందినప్పుడల్లా నేనొక్కడినే అరిచాను. కాసేపటికి నాకే సిగ్గనిపించింది.

ముందు వరసలోని యువకుడు నవ్వుతూ వెనక్కి తిరిగాడు. "హైదరాబాదు నుంచి వచ్చారా?" అని హిందీలో అడిగాడు. నేను నోరు తెరిచేలోగా మావాడు అందుకున్నాడు. "కాదు, సూరత్ నుంచి. కాని హైదరాబాదు జట్టు గెలవడం మా తాత డెబ్బై ఏళ్ల కిందటే ఈ ఊళ్లో చూశాడు!" ఆ యువకుడి నవ్వు ఆగింది. చేతిలోని పల్లీల పొట్లం మా వైపు చాపాడు. ఆ తరువాత మావాడు కూడా నాతోపాటు అరిచాడు.

మా జట్టు ఒక్క గోలు తేడాతో ఓడిపోయింది. రాత్రి రైలులో జనరల్ పెట్టెలో చోటు దొరకలేదు. తలుపు దగ్గర నిలబడే వచ్చాం. ఏడింటికల్లా సాంచాల ముందున్నాను. కాళ్లు లాగాయి కాని మనసు తేలికగా ఉంది. మా బాపు నాకు పొలం ఇవ్వలేదు, ఇల్లు ఇవ్వలేదు. ఈ ఒక్క కథ ఇచ్చాడు. అది నాతోనే ఆగిపోతుందని భయపడేవాడిని. ఆ భయం తీరింది.

2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. ఆ వార్త మావాడే చెప్పాడు. "మన జట్టు కూడ వలస పోయింది బాపూ" అన్నాడు. నాకు బాధ కలిగింది, కోపం మాత్రం రాలేదు. బతుకుదెరువు వెతుక్కుంటూ పోయినవాళ్లను తప్పుపట్టే హక్కు మా ఇంట్లో ఎవరికీ లేదు.

"మరి ఇక ఎవరి వైపు అరుస్తవురా?" అని అడిగాను.

"ఆలోచించాలె" అన్నాడు.

ఆలోచించి రాయండి

1. "అది మన జట్టు ఎట్లయితది?" అన్న కొడుకు ప్రశ్నకు మీరైతే ఏమని జవాబు చెబుతారు?
2. మీ పెద్దలు చెప్పిన ఒక అనుభవాన్ని పది వాక్యాలలో రాయండి.